కదిరప్ప గొర్రెల అప్పు, రత్నమ్మ ఆఖరు ఏడాది ఫీజు

1998లో నేను మడకశిర దాటి కన్నడ సరిహద్దు వైపు ఉన్న ఒక పల్లె బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. ఫీల్డ్ ఆఫీసర్ అంటే సగం రోజు కుర్చీలో, సగం రోజు మోటారు సైకిల్ మీద గడిపేవాడు. ఎవరికి అప్పు ఇవ్వొచ్చో చూసి రాసేదీ నేనే, ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే పోయి గుమ్మం ముందు నిలబడేదీ నేనే. మొదటి పనికి పోయినప్పుడు మజ్జిగ ఇచ్చేవాళ్లు, రెండో పనికి పోతే కుక్కను కూడా కట్టేసేవాళ్లు కాదు.

ఆ బ్రాంచి ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. బండల మిద్దె, ముందు వసారాలో రెండు చెక్క బల్లలు, లోపల ఎత్తు బల్లల మీద గుడ్డ అట్టల లెడ్జర్లు. కంప్యూటర్ ఇంకా మా దాకా రాలేదు. డబ్బు తీసుకునేవాడికి ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్లం. ఒకాయన దాన్ని నడుముకు కట్టుకుని ఇంటికి పోయి, మూడు రోజుల తర్వాత తెచ్చి ఇచ్చాడు. వచ్చేవాళ్లలో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు. డబ్బును మాత్రం అందరూ దుడ్లనే అనేవాళ్లు. శనగకాయలు వచ్చే కాలంలో బ్రాంచంతా పచ్చి కాయల వాసన. వద్దన్నా వినకుండా తలా ఇంత బల్ల మీద పోసి పోయేవాళ్లు. ఎన్ని ఊళ్లు తిరిగానో గానీ అంత సుఖంగా ఎక్కడా పని చెయ్యలేదు, ఆ మనుషుల మీద అంత దబాయింపూ ఎక్కడా చెయ్యలేదు. నా నోరు పెద్దదని నాకు తెలుసు. అప్పుడది ఉద్యోగానికి పనికొచ్చే గుణం అనుకునేవాణ్ని.

ఆ ఏడాది గొర్రెల అప్పులు ఇచ్చాం. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ప్రతి జీవానికీ బీమా చేయించాలి. బీమా చేసిన గొర్రె చెవికి నంబరున్న బిళ్ల గుచ్చుతారు, దాన్ని ఇయర్ ట్యాగ్ అంటారు. గొర్రె చచ్చిపోతే పశువైద్యుడి సర్టిఫికెట్‌తో పాటు ఆ బిళ్లను చెవితో సహా కోసి తెచ్చి చూపించాలి. ఎందుకంటే ఉత్త బిళ్ల ఎవరైనా ఊడదీయొచ్చు. గొర్రెను సంతలో అమ్ముకుని, బిళ్ల తెచ్చి చచ్చిపోయిందని చెప్పొచ్చు. ఈ షరతు అప్పు తీసుకునేవాళ్లకు నోటితో వివరంగా చెప్పాల్సింది ఫీల్డ్ ఆఫీసర్. ఒకే రోజు నలభై మందికి ఫారాలు నింపించాను. ఎండ, దుమ్ము, గొర్రెల అరుపులు. వేలిముద్రలు వేయించానే గానీ, ఈ మాట ఒక్కరికీ చెప్పలేదు.

ఆ నలభై మందిలో కరేనాగనపల్లి కదిరప్ప ఒకడు. సన్నగా, పొడుగ్గా, ఎంత ఎండలోనైనా భుజాన కంబళితో ఉండే మనిషి. మరుసటి ఏడాది వానల తర్వాత ఆ వైపు గొర్రెలకు నీలినాలుక జబ్బు తగిలింది. కదిరప్ప పరిగెత్తుకుంటూ వచ్చి మూడు పోయినాయని చెప్పినప్పుడు నేను బండి స్టార్ట్ చేస్తున్నాను. డాక్టర్ దగ్గర కాగితం తీసుకుని, చెవి బిళ్లలు జాగ్రత్తగా తీసుకురమ్మని బండి మీద నుంచే చెప్పి వెళ్లిపోయాను. పది రోజుల్లో పదిహేడు పోయాయి.

అతను బిళ్లలు తెచ్చాడు. పదిహేడూ శుభ్రంగా కడిగి, పసుపు రాసి, ఉన్ని దారానికి గుచ్చి, దండలాగా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చెవులేవి కదిరప్పా అని అడిగితే నివ్వెరపోయాడు. లక్ష్మి ఉండే చోటికి చచ్చిన జీవం చెవి ఎవరన్నా తెస్తారా సార్ అన్నాడు. గుంట తీసి పాతేటప్పుడు తనే ఒక్కొక్క చెవినీ కోసి, బిళ్ల వేరు చేసి, చెవిని జీవంతో పాటే పాతిపెట్టాడట. మా ఆఫీసు మీద గౌరవంతో చేసిన పని అది. నేను తల పట్టుకున్నాను. అయినా పంపి చూద్దాంలే అని కాగితాలు కట్టి పంపాను.

కంపెనీ ఒప్పుకోలేదు. కదిరప్పకు ఇంగ్లీషులో రిజిస్టర్ ఉత్తరం వచ్చింది. చేతిలో పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. నేను చదివి, కంపెనీవాళ్లు కుదరదన్నారప్పా అని ఒక్క ముక్కలో చెప్పి ఉత్తరం తిరిగి ఇచ్చేశాను. అతను దాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. అప్పు మాత్రం అతని పేరు మీద అట్లే నిలిచిపోయింది, వడ్డీ పెరుగుతూ పోయింది. ఊళ్లో ఏమనుకున్నారో మీరు ఊహించగలరు. కదిరప్ప గొర్రెలను సరిహద్దు అవతలి సంతలో అమ్ముకుని బిళ్లలు తెచ్చి నాటకమాడాడని మాట పుట్టింది. రికవరీకి పోయినప్పుడు నా చెవినా పడింది. కాదని నేను ఎవరితోనూ అనలేదు.

2002లో మా బ్యాంకు మొండి బాకీలకు ఓటీఎస్ పెట్టింది. ఒకేసారి తెగ్గొట్టుకునే ఒప్పందం అది. అసలు కడితే చాలు, వడ్డీ మొత్తం మాఫీ. అసలును ఏడాదిలో నాలుగు కంతులుగా కట్టొచ్చు. ఒక్క కంతు ఒక్క రోజు ఆలస్యమైనా ఒప్పందం రద్దు, మొదటి రోజు నుంచి వడ్డీ అంతా మళ్లీ నెత్తిమీదికి వస్తుంది. ఆ ఒప్పందం కాగితం మీద కదిరప్ప పక్కన హామీగా సంతకం చేసింది అతని కూతురు రత్నమ్మ.

రత్నమ్మకు అప్పుడు పాతికేళ్లు ఉంటాయేమో. ఊరి బడిలో విద్యా వాలంటీర్. పర్మనెంట్ కాని పంతులమ్మ, నెలకు ఇంత అని గౌరవ వేతనం, అదీ వచ్చినప్పుడు వచ్చినట్టు. ఇంటర్‌తో ఆపేసిన చదువును దూరవిద్యలో మళ్లీ పట్టుకుంది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ఆదివారాలు హిందూపురంలో క్లాసులు. డిగ్రీ ఆఖరు ఏడాది. డిగ్రీ అయితే బీఈడీ, బీఈడీ అయితే టీచర్ పరీక్ష. ఈ లెక్క ఆమె నాకు చెప్పలేదు, బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఇంకో ఆమెకు చెబుతుంటే విన్నాను.

మూడు కంతులు ఆమె చెప్పిన రోజుకు చెప్పినట్టు కట్టింది. నాలుగోదానికి మార్చి ఆఖరు శుక్రవారం గడువు. ఆ ఏడాది కరువు మీకు తెలిసిందే. శనగచెట్టు భూమిలోనే మాడిపోయింది, బోర్లు గాలి ఊదాయి, జనవరి నుంచి వాలంటీర్లకు వేతనమూ రాలేదు.

మార్చి ఆఖరు వారం సోమవారం రత్నమ్మ వచ్చింది. కదిరప్ప ఎప్పట్లాగే చెప్పులు బయట విడిచి వసారా బల్ల మీద కూర్చున్నాడు. కంతు కట్టడానికి వచ్చిందనుకుని నేను చలానా తీశాను. ఆమె ముందుకు జరిపింది చలానా కాదు, డీడీ ఫారం. యూనివర్సిటీ పేరు మీద, ఆఖరు ఏడాది పరీక్ష ఫీజు. డీడీ అంటే మనం కట్టిన డబ్బుకు బ్యాంకు రాసిచ్చే కాగితం. దాన్ని పోస్టులో పంపితే అవతల ఉన్నవాళ్లు డబ్బు చేసుకుంటారు. ఫీజుకు గడువు శనివారం. పోస్టు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

మా మేనేజర్ అద్దాల గదిలోంచి చూడనే చూశాడు. మార్చి నెల, టార్గెట్‌కు ఇంకా చాలా దూరం. నన్ను పిలిచి, కంతు బాకీ ఉన్న మనిషి చేతిలో డబ్బు పెట్టుకుని డీడీ తీసుకుపోవడమేంటి, ఆ డబ్బు అప్పులో జమ చేయించండి అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. పైగా నా నోటికి పని దొరికింది.

వసారాలో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు మొదలుపెట్టాను. చదువు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది రాసుకోవచ్చు, ఒప్పందం పోతే మాత్రం వడ్డీతో కలిపి మూడింతలవుతుంది, ముందు ఇల్లు చూసుకోవాలి, తర్వాతే సరదాలు అన్నాను. సరదాలు అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆమె సంచీలోంచి ఒక మడత కాగితం తీసింది. కంపెనీవాళ్ల ఆ పాత ఉత్తరం. మడతల దగ్గర చిరుగు పడి, వెనక నుంచి బంకతో కాగితం అతికించి ఉంది.

"ఇది రొంత తెలుగులో సదివి చెప్పండి సార్. మా నాయన ఇనల్ల," అంది. తండ్రిని లోపలికి పిలిచింది. కదిరప్ప వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు.

నేను చదివాను. బిళ్లలు చెవులు లేకుండా అందాయి కాబట్టి చచ్చిన గొర్రెలు బీమా చేసిన గొర్రెలేనని రుజువు కాలేదు, చెవితో సహా తేవాలన్న షరతును బ్యాంకు ద్వారా ముందే తెలియజేశాం అని ఉంది. అంతవరకు చెప్పి ఉత్తరం మడవబోయాను.

"ఇంగొక లైను ఉండాది సార్," అంది రత్నమ్మ.

ఉంది. నాకు తెలుసు.  కాగితాలు పంపేటప్పుడు, చెవులు ఎందుకు లేవని పైనుంచి నన్నే అడుగుతారేమోనన్న భయంతో, అందులో ఒక రిమార్కు రాశాను. జీవాలను అమ్ముకుని ఉండే అవకాశం లేకపోలేదు అని. కంపెనీ దాన్నే ఉత్తరంలో చివర ఎత్తి రాసింది, బ్యాంకు అధికారి కూడా ఇదే అభిప్రాయపడ్డారు అని. ఊళ్లో ఎవడో పుట్టించాడని అందరూ అనుకున్న మాటకు మూలం నా చేతి రాతే, బ్రాంచి నుంచే అది ఊళ్లోకి పాకి ఉండాలి. ఆ లైనును కూడా తెలుగులో మాట మాట చదివి చెప్పాను.

కదిరప్ప కోప్పడతాడనుకున్నాను. అతను నా వైపు కాదు, కూతురి వైపు చూస్తూ మాట్లాడాడు. "చెవి కావల్లని నాకు ఎవురూ చెప్పల్యా పాపా. చెప్పింటే నెత్తిన పెట్టుకోని తెచ్చింటి."

 నేను ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి రత్నమ్మకు తిరిగి ఇచ్చాను.

ఆ ఉత్తరాన్ని ఇంట్లో రేకు పెట్టెలో చూశానని, బీమా గురించి తన పాఠ్యపుస్తకంలో ఒక పాఠం ఉంటే, నిఘంటువు పక్కన పెట్టుకుని ఉత్తరాన్ని మాట మాట చదివానని రత్నమ్మ తర్వాత చెప్పింది. నన్ను నిలదీయాలని ఆమె ఆ రోజు రాలేదు. నేను దబాయించకపోయి ఉంటే ఆ కాగితం సంచీలోంచి బయటికి వచ్చేదే కాదేమో.

"అప్పు మా నాయనది, సదువు నాది. రెండూ నేనే కడతాండా," అంది ఆమె, గొంతు పెంచకుండా. "బేస్తవారం సంతకు రెండు పొట్టేళ్లు తోలుతాండాం. శుక్రవారం కంతు కడతా. డీడీకి ఈ పొద్దే గడువు. యేది ముందు కట్టల్లో లెక్క యేసుకోనే వచ్చినా సార్. మీరు డీడీ రాయండి."

అంతే. జబ్బుకు బతికిన నాలుగింటినే పెంచి మళ్లీ చిన్న మందను చేసుకున్నారు. వాటిలో రెండు సంతకు. ఎంతో తేలికైన లెక్క అది. దబాయించకుండా అడిగి ఉంటే మొదటే చెప్పేది. డీడీ నా చేత్తోనే రాశాను. మేనేజర్ గదిలోకి పోయి, కస్టమర్ డబ్బు కస్టమర్ ఇష్టం సార్ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

బేస్తవారం నాకు పని మీద మనసు నిలవలేదు. మేత లేక చుట్టుపక్కల పల్లెలన్నీ జీవాలను సంతకే తోలుతున్నాయి, ధర సగానికి పడిపోయిందని చెప్పుకుంటున్నారు. శుక్రవారం నా సొంత డబ్బు వెయ్యి రూపాయలు జేబులో వేసుకుని ఆఫీసుకు వచ్చాను. అప్పు తీసుకున్నవాళ్లకు స్టాఫ్ డబ్బు సర్దకూడదని రూలు. తెలిసే తెచ్చాను. రెండు గంటలకు కౌంటర్ మూస్తారు. ఒకటిన్నర అయింది, ఒకటీ ముప్పావు అయింది. క్యాషియర్ కట్టలు కట్టడం మొదలుపెట్టాడు. ఇంకొక పార్టీ వస్తుంది ఆగమని మూడుసార్లు చెప్పి ఉంటాను.

రెండుకు ఐదు నిమిషాలు ఉండగా వచ్చింది. బస్సు తప్పిపోయి ట్రాక్టర్ మీద వచ్చిందట, చీర కుచ్చెళ్లకు దుమ్ము. నోట్లు లెక్కపెట్టి చూస్తే మూడు వందల నలభై తక్కువ. పొట్టేళ్లు అనుకున్న ధరకు పోలేదు. మిగిలింది సోమవారం తెస్తే పనికిరాదా అని అడిగింది. పనికిరాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. 

నేను జేబులోంచి తీసి ఇచ్చాను. ఉంచుకోమ్మా, తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నాను. ఆమె నోట్లు లెక్కపెట్టింది, సరిగ్గా మూడు వందల నలభై.

"తీసుకుంటా సార్, జూన్‌లో తిరిగి ఇస్తా. మీ దుడ్లు నాకు ఉత్తగా వద్దు. నాకు ఇంగొకటి కావల్ల. మా నాయన గొర్రెలు అమ్ముకోల్యా, తప్పు మీదే అని ఒక కాగితం రాసియ్యండి. ఊర్లో సూపిస్తా."

రాస్తానన్నాను. ముందు కంతు కట్టెయ్, ఈ మార్చి హడావుడి అయిపోనీ, తప్పకుండా రాస్తాను అన్నాను. ఖాతా మూసేశాం. అప్పు ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ అప్పటికప్పుడే రాసి సంతకం చేసి ఇచ్చాను. అది రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

ఇంకొకటి రాయలేదు. రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. తప్పు నాది అని సంతకం పెట్టిన కాగితం ఎవరి చేతికి పోతుందో, అది ఎంక్వయిరీ దాకా పోతే ఇంక్రిమెంటు ఏమవుతుందో, ఇవన్నీ ముందుకొచ్చేవి. ఏప్రిల్ పోయింది, మే పోయింది. ఆమె ఒకసారి వచ్చి గుర్తుచేసింది, వచ్చే వారం అన్నాను. ఇంకొకసారి వచ్చి అడగకుండానే పోయింది. జూన్‌లో నాకు వేరే జిల్లాకు బదిలీ అయింది. కొత్త ఊళ్లో చేరిన రెండు వారాలకు మనియార్డర్ వచ్చింది, మూడు వందల నలభై రూపాయలు. కింద చిన్న అచ్చు గడిలో రెండే ముక్కలు రాసి ఉన్నాయి. డిగ్రీ పాసైనాను. నమస్కారాలు.

ఆరేడేళ్ల తర్వాత పెనుకొండ బస్టాండులో కనబడింది. ఆమే గుర్తుపట్టి వచ్చి పలకరించింది. బీఈడీ చేసింది, టీచర్ పరీక్షలో నెగ్గింది, సోమందేపల్లె దగ్గర బడిలో పని. పక్కన సంచీ నిండా దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా. టీ తాగుతారా సార్ అని అడిగి, వద్దన్నా తెప్పించింది. నాయన ఎట్లున్నాడని అడిగాను. పోయి రెండేళ్లయిందని చెప్పింది.

 ఆ కాగితం ఇప్పుడైనా రాసిస్తానమ్మా అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఇప్పుడు ఎవురికి సూపించల్ల సార్?" అంది. అంతలో ఆమె బస్సు వచ్చింది. పోయొస్తానని చెప్పి, సంచీ ఎత్తుకుని ఎక్కింది.

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో వేల మంది దగ్గర సంతకాలు పెట్టించుకున్నాను. మాట చాలదు, కాగితం కావాలి అని అందరికీ చెప్పినవాణ్ని. ఆ కుటుంబం బ్యాంకుకు బాకీ ఉన్నది కట్టింది, యూనివర్సిటీకి కట్టాల్సింది కట్టింది, నాకు ఇవ్వాల్సిన మూడు వందల నలభైని మనియార్డర్ ఖర్చు పెట్టుకుని మరీ తీర్చింది. ఆ లెక్కలో బాకీ పడింది నేనొక్కణ్నే. తప్పును ఒప్పుకోవడానికీ ఒక గడువు ఉంటుందని, అది దాటితే ఎంత కట్టినా ఒప్పందం తిరిగి రాదని కదిరప్ప కేసులో నేర్చుకున్నాను. నేర్చుకున్నంత మాత్రాన ఏం లాభం. అయినా రాస్తున్నాను.

కరేనాగనపల్లి కదిరప్ప తన గొర్రెలను అమ్ముకోలేదు. పదిహేడూ జబ్బుతో చచ్చిపోయాయి, అతను తన చేతులతోనే పాతిపెట్టాడు. చెవితో సహా తేవాలని అతనికి చెప్పవలసినవాణ్ని నేను. చెప్పలేదు.